పిట్టగోడ మీద పేరు

పోయిన నెలలో ఒక ఆదివారం బెంగుళూరు చామరాజపేటలో తెలిసినవాళ్ళ మనవడి నామకరణానికి వెళ్ళాను. భోజనాలకు ఇంకా వేళ కాలేదు కదా అని చిన్నప్పుడు తిరిగిన వీధుల వైపు నడిచాను. నడవకుండా ఉండాల్సింది. మలుపు తిరగగానే ఒక గుంపు కనిపించింది. మెడల్లో కెమెరాలు, చేతుల్లో నీళ్ళ సీసాలు. అందరూ తలలెత్తి ఒకే ఇంటి నెత్తి వైపు చూస్తున్నారు. పాత ఇళ్ళ అందాలు చూపిస్తూ జనాన్ని వీధుల్లో నడిపించేవాళ్ళు ఇప్పుడు ఊళ్ళో చాలామంది ఉన్నారట. ఈ గుంపును నడిపిస్తున్న గడ్డం అబ్బాయి ఇంగ్లీషులో గలగలా చెబుతున్నాడు. నేను రోడ్డు ఇవతల చెట్టు కింద నిలబడి విన్నాను.

ఆ ఇంటి పేరు 'నందన'. వాకిలికి పైన, పిట్టగోడ మధ్యలో, ఉబ్బెత్తుగా చేసిన మూడు కన్నడ అక్షరాలు. ఒక్కో అక్షరం నెత్తిన ఒక్కో పిట్ట, తోక పైకెత్తుకుని.

"ఈ పక్షులు ఈ ఇంటి మొదటి యజమాని సొంత ఆలోచన. బ్యాంకు ఆఫీసరే అయినా కళాహృదయం ఉన్న మనిషి. తానే కాగితం మీద గీసి కూలివాళ్ళ చేత చేయించాడు" అన్నాడు ఆ అబ్బాయి. కెమెరాలు టకటకలాడాయి.

ఆ పిట్టలు చేసింది మా నాయన. యజమాని కాగితం మీద గీసింది ఏమీ లేదు. నలభై ఏళ్ళు దాటినా ఆ అబద్ధం ఇంకా ఆ ఇంట్లోనే కాపురం ఉంది. ఇప్పుడు టిక్కెట్టు పెట్టి మరీ చెప్పిస్తున్నారు.

మా నాయన గార మేస్త్రి. గోడలు కట్టేవాడు కాదు, కట్టిన గోడకు ముఖం దిద్దేవాడు. స్తంభాల నెత్తిన ఆకులు, కిటికీల పైన తామరలు, ఇంటి పేరు, కట్టిన సంవత్సరం, ఇవన్నీ గారతో, సిమెంటుతో చేసేవాడు. కోలారు అవతల సరిహద్దు పల్లె నుంచి వచ్చి ఒకే వాకిలి చుట్టూ వాటాలున్న వఠారంలో కాపురం పెట్టారు మావాళ్ళు. ఇంట్లో తెలుగు, కొళాయి దగ్గర కన్నడం. నేను ఒక్కతే కూతుర్ని.

మా నాయన నెమ్మదైన మనిషి అనుకునేరు. కాదు. ఊళ్ళో ఇంకెవరి పనీ ఆయన కంటికి ఆనేది కాదు. ఆదివారం పొద్దున నన్ను వెంటబెట్టుకుని వీధులు తిరిగేవాడు, మిగతావాళ్ళ పనిని తిట్టడానికి. జనం నడిచేటప్పుడు ముందు చూస్తారు, లేదా కింద చూస్తారు. మా నాయన పైకి చూసేవాడు. ఒకసారి అట్లా చూస్తూ చూస్తూ చిక్కుళ్ళలాంటి అనపకాయల గంపలో కాలు పెట్టాడు. గంపామె తిట్టిన తిట్లు వింటూ కూడా ఎదురింటి కప్పు మీద నుంచి చూపు తిప్పలేదు.

"చూడు పాపా, హంసంట అది! బాతును మెడ పట్టుకుని సాగదీసినట్ల ఉండాది."

"మరి మనం చేసిన హంస, నాయనా?"

"మనది ఊపిరి పీలుస్తాది. నమ్మకపోతే పోయి ముక్కు దగ్గర చెయ్యి పెట్టి చూడు."

ఉదయించే సూర్యుడిలా ఇనుప చువ్వలు వంచిన గేట్లు, గాలి తూముల్లో ఇరుక్కున్న సిమెంటు నెమళ్ళు, చెక్కపట్టీలు జల్లెడలా అల్లి కిటికీల నెత్తిన పెట్టిన గొడుగులు, మెట్ల అంచున ఎర్ర గచ్చులో పసుపు గీత, అన్నీ ఆయనే నాకు చూపించాడు. నేను బడిలో నేర్చుకున్న దానికన్నా ఆ వీధుల ఇళ్ళ ముఖాలు చూసి నేర్చుకున్నదే ఎక్కువ. అవి సగం కూలిపోయాయి. కూల్చినవాళ్ళు ఒక్కసారైనా తలెత్తి చూసి ఉండరు.

ఒక్క విషయంలో నాయనకు ఎప్పుడూ కొరతే. గుడ్డ మీద బొమ్మలు వేసేవాడు కింద మూలన సంతకం పెట్టుకుంటాడు. గార పనివాడికి ఆ వాడుక లేదు. గోడ మీద ఇంటాయన భార్య పేరు ఉంటుంది, తల్లి పేరు ఉంటుంది, దేవుడి పేరు ఉంటుంది. ముఖం దిద్దినవాడి పేరు మాత్రం ఎక్కడా ఉండదు. 'నందన' పని ఒప్పుకున్నప్పుడు నాయన ఆ మాట అడిగేశాడు. "సార్, కింద మూలన చిన్నగా నా పేరు పెట్టుకుంటా. రోడ్డు మీదికి కనపడదు." యజమాని నవ్వి, "ముందు పని కానీ, చూద్దాం" అన్నాడు. ఆ 'చూద్దాం'ను పట్టుకుని మా నాయన రెండు నెలలు బతికాడు. వఠారంలో అందరికీ చెప్పేశాడు. నాతో పలక మీద తన పేరు రకరకాలుగా రాయించి, ఏది బాగుందో చూసుకునేవాడు.

అది చలికాలం. బెంగుళూరు చలికాలం అంటే నాకు అనపకాయల వాసనే. వీధి వీధంతా ఆ సొన వాసన, మూలమూలనా తొక్కల కుప్పలు, వాటి చుట్టూ ఆవులు. మా అమ్మ గింజలు నానబెట్టి, సాయంత్రం గడప దగ్గర కూర్చుని ఒక్కొక్కటే పితికేది. గింజ టపుక్కున చట్టిలోకి దూకేది, తొక్క వేళ్ళకు అంటుకునేది. సంకటిలోకి ఆ పితికిన పప్పు పులుసు ఉంటే ఇంకేమీ అడిగేవాళ్ళం కాదు. నాయన వంటి మీద ఇంకో వాసన. సున్నంలో కలపడానికి కరక్కాయ నానబెట్టిన నీళ్ళు, బెల్లం నీళ్ళు. పని దగ్గరికి వెళ్ళినప్పుడు ఆ బెల్లం దొంగిలించి తినడం నా పని. "గోడకు పెట్టే బెల్లం తింటే కడుపులో గోడ లేస్తాది" అని నాయన భయపెట్టేవాడు. నేను మధ్యాహ్నం దాకా కడుపు తడుముకుని చూసుకుని, మళ్ళీ తినేదాన్ని.

అన్నీ అయ్యాక చివర్న ఇంటి పేరు. యజమాని నోటితో చెప్పాడు, నాయన గోడ మీద పెట్టాడు. మా నాయన అక్షరాలు దిద్దింది సరిహద్దుకు ఆవల తెలుగు బడిలో. కన్నడం అంగళ్ళ బోర్డులు చూసి నేర్చుకున్నాడు. రెండు లిపులూ అన్నదమ్ముల బిడ్డల్లా ఉంటాయి కదా, తేడా ముఖ్యంగా నెత్తి మీదే. తెలుగు తలకట్టు పిలకలా పైకి లేచి ఉంటుంది. కన్నడ తలకట్టు తలగుడ్డలా అడ్డంగా పరుచుకుంటుంది. గార ఆరకముందే ముగించాలన్న తొందరలో చెయ్యి తన చిన్ననాటి అలవాటున పోయింది. మూడు అక్షరాలు, మూడు పిలకలు. చక్కగా, నిక్కబొడుచుకుని. చేసినవాడికి తప్పు కనపడలేదు. చూసి మురిసిపోయాడు కూడా.

పరంజా విప్పిన రోజున ఎదురింటి బడి మేష్టరు గేటు దగ్గర నిలబడి చూసి పకపకా నవ్వాడు. "ఏన్ సార్, మనె ఆంధ్రక్కె హోయ్తా?" ఏం సార్, ఇల్లు ఆంధ్రాకు పోయిందా అని. పక్కింటివాళ్ళు బయటికొచ్చారు. వాళ్ళూ నవ్వారు. ఊళ్ళో భాష గొడవలు ముదిరిన రోజులవి. వేరే భాష బోర్డు కనబడితే తారు పూసేవాళ్ళు. కన్నడాయన కొత్త ఇంటి నెత్తిన తెలుగు తలకట్లు లేచాయంటే నవ్వు ఊరికే పోదు.

యజమాని ముఖం ఎర్రబడింది. "ఏనయ్యా మేస్త్రి, ఇదేను?" అని మొదలుపెట్టి, మాకు బాగా అర్థం కావాలని కాబోలు తెలుగులోకి దిగాడు. "నాకు తెలుగు వస్తాది. నా ఇంటి మీదికి రాకూడదు. ఎల్లుండి గృహప్రవేశం. అంతలోపల ఇది పోవాల. పోకపోతే ఈ రోడ్డులో ఇంగ యారి గడపా తొక్కలేవు నువ్వు."

అంత నోరున్న నాయన, ఊళ్ళో అందరి పనినీ తిట్టే మనిషి, తాపీ తుడుచుకుంటూ నిలబడ్డాడు.

ఆ సాయంత్రం ఇంటి ముందు మెట్టు మీద కూర్చుని, ఎదుటి గోడ చూస్తూ ఉండిపోయాడు. అమ్మ పప్పు పితుకుతోంది.

"కూడు తినకుండా గోడను చూస్తాంటే తలకట్టు రాలిపోతాదా?" అంది.

"నీకేం తెలుసు మే."

"నాకేం తెలుస్తాది, అక్షరం రానిదాన్ని. నేను రాసుంటే ఏ తలకట్టూ ఉండేది కాదు."

నాకు నవ్వొచ్చింది. నవ్వినందుకు నాయన నెత్తిన మొట్టాడు.

"గట్టిపడిపోయినాది. పిలక కొడితే తల లేచొస్తాది, అక్షరం అంతా పగులుతాది. కొట్టకపోతే ఆయప్ప నన్ను కొడతాడు" అన్నాడు.

అమ్మ చేతిలో గింజ టపుక్కున ఎగిరింది. "దాన్ని పిట్టగోడే కదయ్యా అంటారు? పిట్టల్ని కూర్చోబెట్టు పో. పిట్టను లేపి కిందేముండాదో చూస్తారా ఎవురైనా?"

అమ్మ ఎగతాళికే అంది. నాయన తల తిప్పి ఆమె వైపు చూసిన చూపు మాత్రం ఎగతాళిది కాదు. లేచి, చెయ్యి కడుక్కుని, కూటికి కూర్చున్నాడు.

మర్నాడు నేను బడి ఎగ్గొట్టి వెంట వెళ్ళాను. నీళ్ళు అందించడం నా పని. నాయన నిచ్చెన మీద కూర్చుని, తలకట్టు పొడవు గీతను తోక చేశాడు, పొట్టి గీతను మెడ చేశాడు. మధ్యలో కొద్దిగా గార పెట్టి వేలితో ఒత్తి పొట్ట చేశాడు. సూదిమొనతో కన్ను. తోక అంత పైకి లేచి ఉండటానికి కారణం తలకట్టే, పిట్ట జాతి కాదు. మూడూ అయ్యాక దిగి, వెనక్కి నడిచి, రోడ్డు మధ్యలో నిలబడి చూశాడు. పిట్టలు అప్పుడే వచ్చి వాలినట్టున్నాయి. కింద అక్షరాలకు ఇప్పుడు ఏ భాషా లేదు.

"కన్నడమాయప్ప కన్నడంగా చదువుకుంటాడు, మనం మన మాదిరి చదువుకుంటాం. పిట్టకేం పట్టింది" అన్నాడు. ముందు రోజు పోయిన ఆ పొగరు మళ్ళీ ఆయన గొంతులో విన్నాను.

యజమాని వచ్చి చాలాసేపు చూశాడు. ముఖంలో ఇష్టం దాచుకోవడం ఆయనకు చేత కాలేదు. "పరవాలేదు" అన్నాడు. నాయన అప్పుడే అడిగాడు. "సార్, మూలన పేరు..."

"యారి పేరు? తప్పు రాసినోడి పేరా?" అని లోపలికి వెళ్ళిపోయాడు.

గృహప్రవేశానికి మమ్మల్ని పిలిచారు. పిలిచి, పెరట్లో బట్టలుతికే బండ పక్కన కూర్చోబెట్టారు. అందరి భోజనాలూ అయ్యాక మాకు ఆకులు వేశారు. ముందు పంక్తుల్లో హోళిగెలు, మన బొబ్బట్లే, వడ్డిస్తుంటే నేను కళ్ళారా చూశాను, నేతి వాసన పెరటి దాకా వచ్చింది. మా ఆకుల్లోకి వచ్చేసరికి హోళిగెలు లేవు. అయిపోయాయన్నారు. అయిపోలేదు. తరవాత ఆ ఇంటి పిల్ల, నా ఈడుదే, పట్టు లంగా కట్టుకుని రెండు చేతుల్లో రెండు హోళిగెలు పట్టుకుని పెరట్లోకి వచ్చి నన్ను చూసి, "తప్పు రాసింది నీ అప్పనే కదా?" అని అడిగింది. నా చేతిలో అన్నం ముద్ద ఉంది. అది దాని ముఖాన కొట్టనందుకు ఇవాళ్టికీ నా మీద నాకు కోపమే.

వెళ్ళేటప్పుడు మేము పక్క సందులోంచి గేటు దగ్గరికి వచ్చాం. యజమాని నలుగురు పెద్దమనుషులను పైకి చూపిస్తూ చెబుతున్నాడు. "ఎక్కడా చూసుండరు. నాదే ఐడియా. నేనే గీసిచ్చినా." వాళ్ళు భేష్ భేష్ అంటున్నారు. నిన్నటిదాకా నవ్విన ఎదురింటి మేష్టరు కూడా తల ఊపుతున్నాడు. నేను నాయన చెయ్యి గుంజాను. చెప్పు, ఇప్పుడు చెప్పు అని. నాయన కండువా సర్దుకుని నడిచాడు. అమ్మ ఆయన వెనక నడిచింది. నేను మలుపు దాకా వెనక్కి చూస్తూనే నడిచాను.

"యాల చెప్పలేదు నాయనా? పిట్టలు నావి అని చెప్పింటే పోయేది కదా!"

"పిట్టలు నావి అంటే, కిందేముండాదో కూడా చెప్పాల కదమ్మా" అన్నాడు.

నాకప్పుడు అది పిరికి మాటగా అనిపించింది.

ఆ రోడ్డులో మరి రెండిళ్ళకు పిట్టలు వచ్చాయి. యజమాని తనకు తెలిసిన ఇంకో మేస్త్రిని వాళ్ళకు చూపించి, 'నా ఇంటి మీద ఉన్నట్టే' అని చెప్పి చేయించాడు. ఆ మేస్త్రికి లోపల తలకట్టు ఉందని తెలియదు కదా. అందుకని ఆయన పిట్టలు అప్పడాల్లా పరుచుకుని, తోకలు కిందికి వాల్చుకుని కూర్చున్నాయి. ఇవాళ కూడా వెళ్ళి చూడండి, ఏది అసలో ఏది నకలో తోక చెబుతుంది. నాయన ఒకసారి వాటిని చూసి వచ్చి, "సచ్చి పడిపోయిన పిట్టల్ని తెచ్చి అతికించినాడు" అన్నాడు. నవ్వలేదు.

తర్వాత ఆ రోడ్డులో ఆయనకు పని రాలేదు. తెలుగు తలకట్ల మేస్త్రి అని పేరు పడిపోయింది, అదొక్కటే ఆయనకు దక్కిన పేరు. ఇళ్ళకు ముఖాలు దిద్దించుకునే వాళ్ళూ తగ్గిపోయారు. ఊరి బయట జిగణి వైపు ఫ్యాక్టరీలు లేస్తుంటే అక్కడికి పూత పనికి వెళ్ళాడు. బారెడు బారెడు గోడలు, కిటికీ లేదు, ఆకు లేదు, పువ్వు లేదు. సాయంత్రం వచ్చి, "ముక్కూ మూతీ లేని గోడలు పాపా" అనేవాడు. మళ్ళీ ఏ గోడ మీదా పిట్టను కూర్చోబెట్టలేదు. ఆదివారాలు వీధులు తిరగడం కూడా మానేశాడు.

న్యాయంగా చెప్పాలంటే ఇంకొకటి కూడా చెప్పాలి. వఠారంలో మాత్రం ఆయన ఆ కథ చెప్పేవాడు. చెప్పిన ప్రతిసారీ పిట్టలు ఆయనకే తట్టాయి. లోపల పొయ్యి దగ్గర నుంచి అమ్మ, "అవునవును, పితికిన పప్పు తింటాంటే తట్టినాది" అనేది. వినేవాళ్ళకు అర్థమయ్యేది కాదు. నాయన దగ్గేవాడు.

పోయిన నెల ఆ ఆదివారం, చెట్టు కింద నిలబడి ఇదంతా నేను మింగలేకపోయాను. గుంపు కదలబోతుంటే ఎదురెళ్ళి ఆ గడ్డం అబ్బాయిని నిలబెట్టాను. కన్నడంలో సగం, నాకొచ్చిన ఇంగ్లీషులో సగం, అంతా చెప్పాను. తలకట్టు, పిట్టగోడ, అమ్మ మాట, హోళిగె. ఆ అబ్బాయి గుండె మీద చెయ్యి పెట్టుకుని విన్నాడు. కెమెరాతో దగ్గరగా తోకను ఫోటో తీశాడు. సున్నం పెచ్చులూడిన చోట లోపలి పాత గీత నల్లగా కనిపిస్తోంది. "ఆంటీ, ఇది బంగారం" అన్నాడు. "వచ్చే వారం నుంచి ఇదే చెబుతాను." నామకరణం భోజనం నేను ఆ రోజు కడుపు నిండా తిన్నాను.

రెండు వారాలాగి, వినాలని వెళ్ళాను. గుంపు వెనక నిలబడ్డాను. ఈసారి జనం ఇంకా ఎక్కువ ఉన్నారు.

"ఇప్పుడొక తమాషా" అన్నాడు ఆ అబ్బాయి. "ఈ మూడు పక్షుల కింద ఒక పెద్ద తప్పు దాక్కుని ఉంది! చదువు సంధ్యలు లేని ఒక తెలుగు మేస్త్రి, పాపం, కన్నడం అనుకుని తెలుగు రాసేశాడు. ఓనరు పట్టుకున్నాడు. అంతే, భయంతో వణికిపోయి..." చేతులు రెక్కల్లా ఆడించాడు. గుంపంతా నవ్వింది. ఆ నవ్వు నాకు కొత్తది కాదు. అదే గేటు ముందు, అదే పిట్టగోడ కింద, ఒకసారి విన్నదే.

చదువు సంధ్యలు లేనివాడట. అక్షరాలు వచ్చినందుకే కదా తప్పు జరిగింది. రాకపోతే తప్పు ఎక్కడిది?

అప్పుడు నన్ను చూశాడు. నిజంగానే సంతోషపడ్డాడు. "ఆంటీ! అందరూ వినండి, ఈ కథ చెప్పింది వీరే. ఆ మేస్త్రి వీరి తాతగారు..."

"నాయన" అన్నాను.

"సారీ, నాన్నగారు. ఆంటీ, ఇక్కడ గేటు పక్కన ఒక పలక పెట్టించాలనుకుంటున్నాం. ఇంటివాళ్ళు ఒప్పుకున్నారు. దాని మీద మేస్త్రి పేరు కూడా వేయిస్తాం. పేరు చెప్పండి."

కెమెరాలన్నీ నా వైపు తిరిగాయి. మా నాయన అడిగి అడిగి పోయిన చోటు. మూలన చిన్నగా కాదు, గేటు పక్కన, రోడ్డు మీదికి కనపడేలా. పేరు నా నాలుక మీదికి వచ్చేసింది.

"పలక మీద ఇంకేం రాస్తారు?" అని అడిగాను.

"ఈ కథే, ఆంటీ. తప్పు రాయడం, పక్షులతో దాచడం. జనానికి చాలా నచ్చుతోంది."

"పిట్టలు మా అమ్మకు తట్టాయని రాస్తారా?"

అతను కాస్త తడబడ్డాడు. "పలక చిన్నది ఆంటీ. మేస్త్రి పేరు చాలు."

నేను తలెత్తి చూశాను. పిట్టలు మూడూ తోకలెత్తుకుని కూర్చునే ఉన్నాయి, కింద ఎవరు నవ్వుతున్నారో పట్టకుండా.

"పేరు గుర్తు లేదప్పా" అన్నాను.

"మీ నాన్నగారి పేరా?"

"ఊఁ. గుర్తు లేదు."

గుంపులో ఒకరు పాపం అన్నారు. వయసు మీద పడిందనుకున్నారేమో. ఆ అబ్బాయి నా భుజం తట్టి, నీళ్ళు తాగుతారా అని అడిగాడు. అక్కర్లేదన్నాను.

గృహప్రవేశం నాడు అదే గేటు దగ్గర నాయన ఎందుకు నోరు విప్పలేదో అన్నేళ్ళ తర్వాత అర్థమైంది. అన్నేళ్ళూ నేను ఆయన మీద పెట్టుకున్న కోపం ఆ రోజుతో పోయింది. మిగతావాళ్ళ మీద ఉన్నది మాత్రం పోలేదు. పోనివ్వను కూడా.